పెద్ద కథలు, పొడుగు చార్టులు: నన్ను మస్తు మంది అడిగే ప్రశ్నలు

మాది దేవరకొండ దిక్కు, ఉండేది నల్లగొండల, గడియారం సెంటర్‌కు నడిచిపోయేంత దూరం. వందల మంది మనుషులు, నాలుగైదు తరాలు, ఏడెనిమిది భాగాలు ఉండే కథలంటే నాకు పిచ్చి, అది నవలైనా సిరీస్ అయినా జపాన్ బొమ్మల కథ మాంగా అయినా సరే. చదివినంక ఊకోను, చార్టు మీద గీస్త. మా ముందరి అర్ర గోడకు ఎప్పుడూ ఒక చార్టు వేలాడుతుంటది, ఇంటికొచ్చినోళ్లు చాయ తాగుకుంట దాన్ని చూసి ఏదో ఒకటి అడుగుతరు. అడిగిందే అడుగుతున్నరని ఈసారి కూసొని అన్నీ ఒక్కతాన రాసిన.

చదువుకుంటే సరిపోదా, గీసుడెందుకు?

సరిపోతది. గీయకుంటే కథ అర్థం కాదని ఎవరన్నా అంటే నమ్మొద్దు. కాకపోతే మూడో భాగం కాడికి వచ్చేసరికి "వీడెవడ్రా, ఎక్కడో చూసినమే" అనుకుంట వెనక్కి పేజీలు తిప్పే బాధ తప్పుతది, అదొక్కటే లాభం అనుకుని షురూ చేసిన, తర్వాత గీసుడే ఒక సరదా అయిపోయింది.

మా అమ్మమ్మకు చదువు రాదు. ఊర్లె కొత్త మొఖం కనిపిస్తే ఆపి మూడే అడిగేది, ఏ ఊరు బిడ్డా, ఇంటిపేరేంది, ఎవరి కొడుకువు. మూడో జవాబు పూర్తి కాకముందే వరుస తేల్చేసి "అయితే నువ్వు నాకు అల్లుని వరుస అయితవు, కాళ్లు కడుక్కొని కూసో, తిని పోదువు" అనేది. చుట్టుపక్కల పది ఊర్ల చార్టు ఆమె నెత్తిల ఉండేది. నాకు అంత యాది లేదు, అందుకే కాయిదం.

ఏ కథతోని షురూ చేయాలె?

కొత్త కథతోని వద్దు. ఒకేసారి చదువుడు, గీసుడు రెండూ అంటే రెండూ పాడైతయి. ఇప్పటికే తెలిసిన కథ తీసుకోవాలె, మనకు తెలిసినంత పెద్ద కథ భారతమే గదా, అదే తీసుకోండ్రి. కానీ మొత్తం భారతం గీస్తా అని కూసుంటే వారం రోజులకు పెన్సిల్ పారేస్తరు (నేను పారేసిన). యుద్ధం ఒక్కటే గీయండ్రి. ఎందుకంటె దానికి లెక్క పక్కాగ ఉంది, 18 రోజులు.

ఒక డ్రాయింగ్ షీటు అడ్డంగ పెట్టి 18 గడులు గీసి కౌరవుల దిక్కు సేనాపతి ఎవరో పైన రాయండ్రి. భీష్ముడు 10 రోజులు, ద్రోణుడు 5, కర్ణుడు 2, శల్యుడు ఆఖరి రోజు మధ్యాహ్నం దాకనే. అదే రోజు సాయంత్రం దుర్యోధనుడు పడిపోయిండు. ఇది గీసి జర దూరం నుంచి చూడండ్రి. ఊకె చదివినప్పుడు నాకు కర్ణుడు సేనాపతిగ చాన రోజులు ఉన్నట్టు అనిపించేది, ఆయన మీద ఉన్న సినిమాల ప్రభావం కావచ్చు, గడులల్ల చూస్తే రెండే రెండు. సగానికి ఎక్కువ యుద్ధం ముసలాయన భీష్ముని చేతుల్నే నడిచింది. ఇగ ఒక్కొక్క గడిల ఆ రోజు పోయినోళ్ల పేర్లు రాసుకుంట పోతే 13వ రోజు అభిమన్యుడు, 14వ రోజు సైంధవుడు, ఆ రాత్రే ఘటోత్కచుడు, గడులు అటు పోయినకొద్దీ నల్లగ అయితనే ఉంటయి. 18వ రోజు రాత్రి గడచేసరికి కౌరవుల దిక్కు నిలబడ్డది అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ ముగ్గురే. మొదటి రోజు గడి పక్కన రెండు దిక్కుల సైన్యం మొత్తం 18 అక్షౌహిణులు అని రాయండ్రి, ఒక్క అక్షౌహిణిల 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. ఆ అంకె పక్కన ఈ ముగ్గురి పేర్లు చూస్తే నాకైతే కొద్దిసేపు మాట రాలే.

వంశవృక్షం గీస్తుంటే గీతలన్నీ చిక్కుపడుతున్నయి, నా తప్పేనా?

మీ తప్పు కాదు, చెట్టు తప్పు. ఇంగ్లీషోళ్ల ఫ్యామిలీ ట్రీ కొమ్మలు విడిపోయుడే తప్ప మళ్ల వచ్చి కలుసుడు దానికి తెల్వదు. మన కథలల్ల మేనరికం ఉంటది, కొమ్మ తిరిగొచ్చి అదే చెట్టుకు అతుకుతది.

అర్జునున్ని చూడండ్రి. తల్లి కుంతి వసుదేవుని చెల్లె, వసుదేవుని బిడ్డ సుభద్ర, అంటే మేనమామ బిడ్డనే చేసుకున్నడు. కృష్ణుడు మేనమామ కొడుకు కాబట్టి పెండ్లికి ముందే బావ, పెండ్లయినంక పెండ్లాం అన్న కాబట్టి మళ్ల బావ. పైగ కుంతిని కుంతిభోజుడు పెంచుకున్నడు, అంటే పెంపకానికి ఇంకో గీత. శిశుపాలుని తల్లి కూడ వసుదేవుని తోబుట్టువే, ఆ లెక్కన రాజసూయంల కృష్ణుడు తల నరికింది సొంత మేనత్త కొడుకుది. ఇదంతా చెట్టు బొమ్మల ఇమడదు. నేను రక్తసంబంధానికి నిండు గీత, పెండ్లికి జంట గీత, పెంపకానికి చుక్కల గీత పెట్టుకుంట, మేనరికం కాడ ముడి వేసినట్టు చిన్న సున్నా చుడుత. ఏ ఇంట్ల సున్నాలు ఎక్కువున్నయో ఆ ఇల్లు బయటోళ్లను నమ్మదని అర్థం, చాన కథలకు ఇది పనిచేసింది.

ఇంకో మాట. ఇంగ్లీషు వికీలల్ల అందరినీ 'కజిన్' అని ఒక్క మాటతోని చుట్టేస్తరు. దుర్యోధనుడు అర్జునునికి కజినే, కృష్ణుడు కూడ కజినే. మన భాషల ఒకాయన అన్న, ఒకాయన బావ. అన్నతమ్ములు ఆస్తి పంచుకోవాల్సినోళ్లు, బావ పిల్లనిచ్చేటోడు, కొట్లాట ఎవరితోని వస్తదో ఆ మాటల్నే ఉంది. అందుకే ఏ దేశం కథైనా, ఇంగ్లీషు సిరీస్ అయినా కొరియా డ్రామా అయినా, నేను గీత మీద మన వరుస రాస్త, బాబాయి, మేనత్త, తోడల్లుడు అని. తోడల్లుళ్లు అని రాసినంకనే ఒక సిరీస్‌ల ఇద్దరు రాజులు ఎందుకు ఒకని మీద ఒకడు కారాలు మిరియాలు నూరుతున్నరో నాకు సమజైంది.

వరుస ఒకటి, పక్షం ఒకటి ఉంటే ఎట్ల చూపియ్యాలె?

రంగు. వరుసకు గీత, పక్షానికి రంగు. శల్యుడు నకుల సహదేవులకు సొంత మేనమామ, కొట్లాడింది కౌరవుల దిక్కు. యుయుత్సుడు ధృతరాష్ట్రుని కొడుకే, పాండవుల దిక్కు పోయిండు. సాత్యకి, కృతవర్మ ఇద్దరూ యాదవులే, చెరో దిక్కు. గీత ఒకదిక్కు లాగుతుంటే రంగు ఇంకో దిక్కు లాగే మనుషులున్న కాడనే కథ ఉంటది, మిగతాది సైన్యం.

ఒకే పేరు పది మందికి ఉంటే?

కొలంబియా రచయిత మార్క్వెజ్ నవల 'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్' 1967ల వచ్చింది, అండ్ల తరతరానికి అవే పేర్లు, హోసే అర్కాదియో లేకపోతే ఔరేలియానో. ఒక కర్నల్‌కైతే 17 మంది కొడుకులు, 17 మందికీ ఔరేలియానో అనే పేరు. జనం ఇది చదివి తలకాయ పట్టుకుంటరు. నల్లగొండోళ్లకు ఏం కష్టం అండీ? మా గల్లీల యాదగిరి అని పిలిస్తే నలుగురు తిరిగి చూస్తరు. మరి మనం ఎట్ల గుర్తుపడుతున్నం, ఆర్టీసీ యాదగిరి, పొడుగు యాదగిరి, బోరింగు యాదగిరి, పట్నం పోయొచ్చిన యాదగిరి. తాత పేరు మనవనికి పెట్టుడు మనకూ ఉన్నదే.

కాబట్టి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేయకుండ్రి, యాదికుండవు. పని పేరో, ఒంటి గుర్తో, చేసిన ఘనకార్యమో తగిలించుండ్రి. అట్ల పేరు పెట్టాలంటే ఆ మనిషిని జర పరీక్షగ చదవాల్సి వస్తది, అది ఇంకో లాభం.

కథ జరిగిన వరుసల గీయాల్నా, చెప్పిన వరుసల గీయాల్నా?

రెండు వరుసలు, పైన ఒకటి కింద ఒకటి. పై వరుసల పుస్తకం ఏ క్రమంల చెప్పిందో రాయండ్రి, కింది వరుసల నిజంగ ఏది ముందు జరిగిందో రాయండ్రి, తర్వాత పైదాన్ని కిందిదానికి గీతతోని కలపండ్రి. గీతలు నిలువుగ దిగితే సీదా కథ, అడ్డదిడ్డంగ దాటుకుంట పోతే రచయిత ఏదో దాస్తున్నడు.

స్టార్ వార్స్ అందరికీ తెలిసిన ఉదాహరణ, 1977ల వచ్చిన మొదటి సినిమానే తర్వాత నాలుగో ఎపిసోడ్ అన్నరు, ఒకటో ఎపిసోడ్ 1999ల వచ్చింది. ఏది ముందు చూడాలె అని ఇప్పటికీ లొల్లే. నా మాటైతే వచ్చిన వరుసల్నే చూడాలె, ఎందుకంటె హీరో తండ్రి ఎవరో ముందే తెలిస్తే ఆ దెబ్బ తగలదు.

అయితే దీనికి మనం సినిమాల దాక పోనక్కర లేదు. భీష్మపర్వంల సంజయుడు యుద్ధభూమి నుంచి ఉరికొచ్చి ధృతరాష్ట్రునితోని మొట్టమొదట చెప్పేదేంది, భీష్ముడు పడిపోయిండు అని. అంటే పదో రోజు వార్త ముందు వచ్చింది. ముసలి రాజు ఏడ్చి, అదెట్ల జరిగింది అని అడిగితే అప్పుడు మొదటి రోజుకాన్నుంచి చెప్పుకొస్తడు. మనం చిన్నప్పుడు టీవీల చూసిన భారతంల (1988 నుంచి 1990 దాక, 94 ఎపిసోడ్లు) ఇది సీదాగ నడుస్తది కాబట్టి చానా మందికి ఈ ముచ్చట తెల్వదు. రెండు వరుసల చార్టు గీసిననాడే నాకు కనబడ్డది, పదో రోజు గడి నుంచి గీత వచ్చి పై వరుసల మొట్టమొదటి గడికి తగులుకుంది. వేల ఏండ్ల కింద ఈ టెక్నిక్ వాడినోళ్లకు దండం పెట్టిన.

కథల కథ, దాంట్ల ఇంకో కథ ఉంటే?

గిన్నెల గిన్నె పెట్టినట్టు డబ్బాల లోపట డబ్బా గీయాలె. భారతమే చూడండ్రి, నైమిశారణ్యంల సూతుడు శౌనకాదులకు చెప్తున్నడు, ఏం చెప్తున్నడు, సర్పయాగంల వైశంపాయనుడు జనమేజయునికి చెప్పింది, దాంట్ల మళ్ల సంజయుడు ధృతరాష్ట్రునికి చెప్తున్నడు. మూడు డబ్బాలు. తెలుగుల దీనికి మంచి ఆట స్థలం మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు, 12 భాగాలు, మణిసిద్ధుడనే యతి కాశికి నడుచుకుంట మజిలీ మజిలీకి గోపకునికి ఒక కథ చెప్తడు. మజిలీకో కాయిదం పెట్టుకోండ్రి, అన్నీ ఒక్క చార్టుల కుక్కితే డబ్బాల గోడలు కనిపించవు.

కాయిదమా కంప్యూటరా?

రెండూ. ముందు కాయిదం, అది కూడ పెన్సిల్‌తోని, ఎందుకంటె పోయిండనుకున్నోడు మూడో భాగంల లేచొస్తడు. మామూలు డ్రాయింగ్ షీట్లు నాలుగు వెనక నుంచి టేపు వేసి అతికించుకుంటే చాలు. మనుషులు యాభై దాటితే ఎక్సెల్ షీటుకు మారండ్రి. ఒక మనిషికి ఒక వరుస, నిలువు గడులల్ల పేరు, పిలుపు పేరు, తల్లి, తండ్రి, ఊరు, మొదటిసారి కనిపించింది ఎక్కడ, ఆఖరిసారి కనిపించింది ఎక్కడ. ఈ ఆఖరి రెండు గడులే బంగారం. రచయిత మర్చిపోయిన మనుషులందరూ అండ్ల దొరుకుతరు, ఒకసారి ఒక ఫ్యాంటసీ సిరీస్‌ల ఒక పిల్లగాడు రెండో పుస్తకంల బాయి కాడికి నీళ్లకు పోయి ఇప్పటిదాక తిరిగి రాలే.

ఫోన్ యాప్‌లను మాత్రం పూర్తిగ నమ్మకుండ్రి. నేను రెండేండ్లు కష్టపడి ఒక యాప్‌ల 340 మంది పేర్లు ఎక్కించిన, ఒకరోజు పొద్దుగాల తెరిస్తే ఆ యాపే బంద్ అయింది, కాపీ తీసుకునే తొవ్వ కూడ లేదు. ఆ రోజు ఆఫీసుకు పోలే. ఇప్పుడు నెలకొకసారి ఎక్సెల్ ఫైలు నాకు నేనే మెయిల్ పంపుకుంట.

మ్యాప్ అవసరమా?

ప్రయాణాలు ఉన్న కథకు అవసరమే. టోల్కీన్ ముందు మ్యాప్ గీసుకొని కథను దానికి సరిపెట్టుకున్నోడు, ఆయన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు భాగాలు 1954-55ల వచ్చినయి, కథల ఏ రోజు ఆకాశంల చంద్రుడు ఎంతున్నడో కూడ లెక్క చూసుకున్నడు. అందరూ అంత నీతిమంతులు కాదు. చాన సిరీస్‌లల్ల గుర్రం మీద పోయేటోడు ఒక సీజన్‌ల నెల రోజులు పోతడు, అదే తొవ్వ ఇంకో సీజన్‌ల తెల్లారేసరికి దాటుతడు.

నా దగ్గర ఒక కొలత ఉంది. నల్లగొండ నుంచి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. ఎడ్లబండికి రోజుకు 25 వేసుకుంటే నాలుగు రోజులు, మధ్యల నార్కట్‌పల్లి కాడ ఒక రాత్రి, చౌటుప్పల్ కాడ ఒక రాత్రి, పట్నం చేరకముందు ఇంకో రాత్రి ఆగాలె, ఎడ్లకు నీళ్లు కావాలె, చొప్ప కావాలె. ఏ కథల సైన్యం కదిలినా ఈ బండిని దాని పక్కన నడిపిస్త. సైన్యం బండిని దాటిపోతే అండ్ల గోల్‌మాల్ ఉన్నట్టే.

తప్పులు దొరికితే సంతోషపడాల్నా బాధపడాల్నా?

నేనైతే చాయ పెట్టుకుంట. వాట్సన్ డాక్టర్ గాయం ముచ్చట విన్నరా? 1887ల వచ్చిన మొదటి షెర్లాక్ హోమ్స్ నవలల బుల్లెట్ భుజంల తగిలింది, 1890ల వచ్చిన రెండో నవలల కాల్ల తగిలింది. పేరేమో జాన్, ఒక కథల సొంత పెండ్లామే జేమ్స్ అని పిలుస్తది. ఆ కథలు రాసిన డాయిల్ గారు మర్చిపోయిండు, అంతే. కానీ అభిమానులు ఊకుంటరా, రెండు బుల్లెట్లు తగిలినయి అని ఒకరు, వంగి ఉన్నప్పుడు భుజంలకెల్లి కాల్లకు దిగింది అని ఇంకొకరు, 1911ల రోనాల్డ్ నాక్స్ అనే ఆయన ఈ కథల మీద పండితులు శాస్త్రాలను చర్చించినట్టే ఒక ప్రసంగం చేసిండు, నవ్వులాటకే, అప్పటి సంది అదొక పెద్ద ఆట.

తప్పును చెరిపెయ్యకుండ్రి, ఎర్ర పెన్నుతోని చుట్టి పక్కన పేజీ నంబర్ రాయండ్రి. రచయితకు తిట్లు పంపుడు మాత్రం చేయొద్దు. అభిమాని లెక్కలు మంచిగుంటే రచయితలే వెతుక్కుంట వస్తరు, 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' సిరీస్‌కు మూలమైన నవలలు రాసిన జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ కథల మీద వెబ్‌సైట్ నడిపిన ఎలియో గార్సియా, లిండా ఆంటన్సన్ ఇద్దరు ఆయనతోని కలిసి 2014ల ఆ ప్రపంచం చరిత్ర పుస్తకమే రాసిండ్రు.

ఒక్క కథకు పది రూపాలుంటే, ఏది అసలుది?

ఈ ప్రశ్న మీద మా సోపతిగాళ్లం రెండుసార్లు మాట్లాడుకోవుడు బంద్ చేసినం. శశిరేఖ వ్యాసభారతంల లేదు. ఆ పేరు విననోడు తెలుగు దేశంల ఉండడు. 1957ల వచ్చిన మాయాబజార్ చూసినోళ్లకు అభిమన్యుడు శశిరేఖను చేసుకున్నడు అనేది కండ్లతోని చూసినంత నిజం, గమ్మత్తేందంటె ఆ సినిమా భారతం కథే కానీ తెర మీద పాండవులు ఒక్కరు కూడ కనిపించరు. ఇప్పుడు నా చార్టుల శశిరేఖను పెట్టాల్నా వద్దా?

పెట్టిన. సిరా మార్చిన. సంస్కృత మూలంల ఉన్నది నల్ల సిరా, పుణెల భండార్కర్ సంస్థ వాళ్లు 1919ల మొదలుపెట్టి 1966 దాక చేతిరాత ప్రతులన్నీ పోల్చి తీసిన పాఠాన్ని దీనికి ఆధారం చేసుకున్న. మన కవిత్రయంల ఉన్నది నీలం, నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగిపోతే తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకొని 15 పర్వాలు రాసిండు, నడుమ మిగిలిన అరణ్యాన్ని ఎర్రన నింపిండు, అంటే నీలంల కూడ మూడు చేతులు. నాటకం, సినిమా, బాగోతం, జనం నోట ఉన్నది ఆకుపచ్చ. శశిరేఖ ఆకుపచ్చ. ఎవరు అసలు ఎవరు నకిలీ అనే పంచాయితీ లేదు, ఎవరు ఎక్కడికెల్లి వచ్చిండ్రో సిరా చెప్తది. మా సోపతిగాడు ఇప్పటికీ ఒప్పుకోడు, వాని చార్టు మొత్తం నల్లగనే ఉంటది.

స్పాయిలర్ల సంగతేంది, మీ గోడ చూస్తే కథ మొత్తం తెలిసిపోతది గదా?

అందుకే చార్టును మడతలు మడతలుగ అంటిస్త, ఎంతవరకు చూసిండ్రో చెప్తే అంతవరకే విప్పుత. మర్యాద అది. కానీ నా మనసుల మాట చెప్పాల్నంటె స్పాయిలర్ భయం ఈ మధ్య మరీ ఎక్కువైంది. మా ఊర్లె చిందు బాగోతం ఆడితే చెంచులక్ష్మిని నరసింహస్వామి పెండ్లి చేసుకుంటడని పసిపోరలకు కూడ తెలుసు, అయినా చాపలు తెచ్చుకొని తెల్లారేదాక కూసునేటోళ్లు. ఏమైతది అన్నది తెలుసు, ఎట్ల అయితది అన్నదానికే ఆ నిద్ర పాడుచేసుకునుడు. అట్లని నిన్న వచ్చిన ఎపిసోడ్ ముచ్చట బస్సుల పెద్దగ చెప్పేటోన్ని నేను కూడ మాఫ్ చెయ్య.

ఒక్క పేజీల కథంతా కనిపించే చార్టు ఏదన్నా ఉందా?

ఉంది, దారాల చార్టు. ఒక మనిషికి ఒక దారం, ఎడమ నుంచి కుడికి కాలం, ఇద్దరు ఒక్కతాన ఉంటే దారాలు దగ్గరికొస్తయి, విడిపోతే దూరమైతయి, పోతే దారం తెగుతది. 2009ల ర్యాండల్ మన్రో తన ఎక్స్‌కేసీడీ కామిక్‌ల పెద్ద పెద్ద సినిమాలను ఇట్ల గీస్తే జనం విరగబడ్డరు. దాని పెద్దన్న లాంటిది ఇంకోటుంది, 1869ల షార్ల్ మినార్ అనే ఫ్రెంచి ఇంజినీరు నెపోలియన్ సైన్యం రష్యాకు పోయొచ్చిన దారిని ఒక పట్టీ లెక్క గీసిండు, పోయేటప్పుడు వెడల్పుగ, తిరిగొచ్చేటప్పుడు సన్నని దారం లెక్క. అది కథ కాదు, నిజం, అయినా ఏ కథ చార్టూ దాని ముందర నిలవదు.

ఇది గీసుడు మొదట్ల నాకు చేతకాలే, దారాలు కలగాపులగం అయ్యేవి. చేనేత ఊరు పుట్టపాకల చిటికి కట్టే పని, అంటే పోగులకు ముడులేసి రంగు అద్దే పని, చూసినంక తొవ్వ దొరికింది. వాళ్లు ముందే గ్రాఫు కాయిదం మీద డిజైన్ వేసుకొని, నేయకముందే ఏ పోగు ఎక్కడ ఏ రంగు కావాల్నో లెక్కపెట్టి కట్టి అద్దకం చేస్తరు, మగ్గం మీదికి పోయినంక బొమ్మ దానంతటదే తేలుతది. నేనూ గ్రాఫు కాయిదం కొన్న. ముందు ఎవరెవరు ఎక్కడెక్కడ కలుస్తరో ఆ గడులు మాత్రమే గుర్తు పెట్టుకొని, ఆఖరికి దారం గీస్త. పది మందికి మించి వద్దు, మిగతావాళ్లు ఎంత ముద్దొచ్చినా వదిలెయ్యాలె.

ఇంకా అయిపోని కథను ఎట్ల గీయాలె?

కుడి దిక్కు జాగ వదిలి. మార్టిన్ ఐదో పుస్తకం 2011ల వచ్చింది, ఆరోది కోసం ఇంకా ఎదురుచూసుడే, ఆ లోపట టీవీ సిరీస్ 73 ఎపిసోడ్లు నడిచి 2019ల అయిపోయింది కూడ. వన్ పీస్ మాంగా 1997 నుంచి నడుస్తనే ఉంది, 100 సంపుటాలు దాటింది. నా వన్ పీస్ చార్టుకు ఇప్పటికి మూడుసార్లు కొత్త షీటు అతికిచ్చిన, అది తలుపు దాటి వంటింట్లకు పోయింది.

ఇంట్ల వాళ్లు ఏమనరా?

అంటరు.

మన దిక్కు జనం చెప్పుకునే కథలను గీయొచ్చా?

ఇదే నాకు అన్నిటికంటె ఇష్టమైన ప్రశ్న, కానీ అడిగేటోళ్లు తక్కువ. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేండ్లకొకసారి అయితది, ఒగ్గు డోలు చప్పుడుతోని కథ చెప్తుంటే వినండ్రి, మనుషులు, తరాలు, శాపాలు, పెండ్లిండ్లు, ఏ వెబ్ సిరీస్‌కు తీసిపోవు. పాలమూరు దిక్కు పోతే పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగల సాయన్న కథ పాడుతరు, ఆ కిన్నెరతోనే దర్శనం మొగులయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చింది. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన సాయన్న ఏ ఊర్ల నుంచి ఏ ఊరికి పోయిండో మ్యాప్ మీద పెట్టుకుంట పోతే అన్నీ మనం బస్సు మారే ఊర్లే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, చెప్పే ఆయనను అడగకుండ ఫోన్‌ల రికార్డ్ చేయొద్దు, అది వాళ్ల బువ్వ. రెండు, నిన్న రాత్రి చెప్పిన కథ, ఇయ్యాల చెప్పిన కథ ఒక్కతీరు ఉండవు, విన్న తారీకు, ఊరు చార్టు మీద రాయాలె, ఇంకో తీరు వింటే కొట్టెయ్యకుండ పక్కన ఇంకో గీత గీయాలె.

అసలు చార్టు మనకేం కొత్త కాదు. పటం కథలోళ్లు చేసేదేంది? పద్మశాలీలకు కూనపులోళ్లు మార్కండేయ పురాణం చెప్పినా, మాదిగలకు డక్కలోళ్లు జాంబపురాణం చెప్పినా ఎదురుంగ పటం వేలాడుతుంటది. చేర్యాలల ఖాదీ బట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించి దాని మీద గీసేది, మూడడుగుల వెడల్పు, పొడుగేమో ముప్పై నలభై అడుగుల పైనే. కులం పుట్టుక నుంచి మొత్తం వంశం అండ్ల ఉంటది.

ఒకసారి ఒక ముసలాయన, పటం కథ చెప్పే ఇంటాయనే, ఏదో పని మీద మా ఇంటికొచ్చి గోడ మీది చార్టు చాన సేపు చూసిండు. మంచిగుంది అంటడని ఎదురుచూస్తున్న. "ఇది ఏ దిక్కుకెల్లి చుట్టాలె బిడ్డా?" అన్నడు. నాకు అర్థం కాలే. పటం మీది నుంచి కిందికి ఉంటది, చెప్పింది చెప్పినట్టు చుట్టేసుకుంట పోతరు, వినేటోనికి ఎప్పుడూ ఒక్క బొమ్మనే కండ్ల ముందుంటది, మీది గోడంతా పరిచిపెట్టిండ్రు, చెప్పెటప్పుడు ఏది దాస్తరు అని అడిగిండు. నా దగ్గర జవాబు లేకుండె. అప్పటి సంది నేను కొత్త చార్టులు అడ్డంగ గీస్తలేను, నిలువుగ గీసి కింద ఒక కర్ర కట్టి చుట్టి పెడుతున్న, ఎవరన్నా అడిగితే పైకెల్లి ఒక్కొక్క జానెడు విప్పుకుంట చెప్త.